కొసకు బట్టల క్లిప్పు

హసన్‌పర్తి వైపు ఒక కాలేజీకి ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేసిచ్చే పని ఏటా మా షాపుకు వస్తుంది. ఈ ఏడాది రిపోర్టులు అప్పజెప్పడానికి వెళితే, లైబ్రరీ వరండాలో పాత పుస్తకాలు గుట్టగా పోసి ఉన్నాయి. చిత్తుకాగితాల వాళ్లు వచ్చి ఎత్తుకుపోతారట. నా బిల్లు మీద సంతకం పెట్టాల్సిన మనిషి భోజనానికి పోయాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఒక్కొక్క పుస్తకం తీసి అట్టలు చూస్తూ పోయాను. పదో పదకొండో పుస్తకం అట్ట మీద ఊదారంగు ఆకాశం, కింద రాళ్లు, రాళ్ల మీద ఒక దీపస్తంభం.

పుస్తకం తెరవకముందే నా బొటనవేలు చివరి పేజీలను గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆ అలవాటు నాది కాదు. రెండేళ్ల కింద పోయిన ఒక పెద్దమనిషిది.

ఆయన రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. డోర్నకల్‌లో కొన్నాళ్లు, కాజీపేటలో చాన్నాళ్లు. ఆయన గురించి నాకు తెలిసిన చరిత్ర దాదాపు ఇంతే. అంతకంటే అడిగే సందు నాకెప్పుడూ దొరకలేదు, ఎందుకంటే ప్రశ్నలడిగే పని పూర్తిగా ఆయనే పెట్టుకున్నారు. రిటైరయ్యాక ఇంగ్లీషు కథలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. వేరే గ్రహాల మీద కాపురాలు, వెనక్కి నడిచే కాలం, మనసు మార్చుకునే యంత్రాలు, అట్లాంటి కథలు. వరంగల్లో అవి చదివేవాళ్లు ఎందరున్నారో నాకు తెలియదు. ఆయన కూడా లెక్క చూసుకున్నట్టు లేదు.

హన్మకొండ చౌరస్తా దగ్గరి గల్లీలో నాదొక చిన్న డీటీపీ సెంటరు. కోర్టు అర్జీలు, పెళ్లిపత్రికలు, కాలేజీ థీసిసులు కొట్టి పెడతాను. ఒక గురువారం పొద్దున ఆయన పాత స్కూటరు దిగి వచ్చి, పొడుగాటి నోటుబుక్కు నా ముందు పెట్టి, "టైపు చేస్తవా బిడ్డా? జర కిరికిరి పని," అన్నారు. మొదటి వాక్యం చదివాను. ఒకతను తన నీడను రిపేరుకు ఇచ్చి వారమైంది, షాపువాడు రేపు మాపు అని తిప్పుతున్నాడు. అర్జీలు కొట్టీ కొట్టీ మొద్దుబారిపోయిన దాన్ని, ఆ పేజీ అయ్యేసరికి నా చాయ్ చల్లారిపోయింది. ఆ తర్వాత పదకొండేళ్లు ప్రతి గురువారం ఆయన తెచ్చారు, నేను కొట్టాను.

ఆ నోటుబుక్కులు చూడాలి. ప్రతి పేజీ అంచున టైములు రాసి ఉండేవి. 10.05 మొదలు. 10.50 ఆపు, కారణం కరెంటు. 4.20 మొదలు. 4.25 ఆపు, కారణం చుట్టాలు. ఒకచోట 9.30కి ఆపి, మళ్లీ మర్నాడు 11.15కి మొదలుపెట్టారు. కారణం అన్నచోట, పదం దొరకలేదు అని ఉంది. స్టేషన్లో బండ్ల రిజిస్టరు రాసిన చేయి, ఇక ఏం రాసినా అట్లాగే రాస్తుందని నవ్వేవారు.

పదం దొరకకపోతే ఆయన డిక్షనరీ దగ్గరకు పోయేవారు కాదు, మా గల్లీ చివర చాయ్ హోటల్‌కు పోయేవారు. ఒకసారి కథలో, ఆకాశంలో తిరిగే ఓడకు ఒక చిన్న గది ఉంది. బయటి తలుపు మూసుకుంటేగాని లోపలి తలుపు తెరుచుకోదు. దానికి ఏం పేరు పెట్టాలన్నది సమస్య. చాయ్ పోసే ఆయన గ్లాసులు కడుగుతూనే, "నడిమర్ర అను సార్, అయిపాయె," అన్నాడు. అర్ర అంటే గది. సార్ అప్పుడే రాసుకోలేదు. వారం ఆగి, హోటలాయన భార్యతో మామూలుగా కబుర్లు చెబుతూ, "ఆ పిల్లగాడు నడిమర్రల ఇరుక్కపోయిండమ్మా," అన్నారు. ఆమె వెంటనే, "అయ్యో, ఎట్ల ఇరుక్కపోయిండు?" అంది. సార్ నావైపు తిరిగి వేలెత్తి చూపించారు. నడిమర్ర అంటే ఏమిటని అడిగి ఉంటే ఆ పదం ఫెయిల్. కథ అడిగింది కాబట్టి పాస్.

ఆయన పరీక్షలకు గల్లీలో అందరం బలయ్యాం. నీళ్లే లేని లోకంలో జనం ఒకరినొకరు ఏమని తిట్టుకుంటారని ఒక ఆటో ఆయన్ని అడిగారు. ఆయన పాపం గిరాకీ వదులుకుని పావుగంట ఆలోచించి మూడు తిట్లు చెప్పాడు. మూడూ పుస్తకంలో వాడుకున్నారు.

ఇక ఆ క్లిప్పు సంగతి. ఏ పుస్తకం మొదలుపెట్టినా, చివరి పది పదిహేను ఆకులు కలిపి బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి పెట్టేసేవారు. ఎరుపో, నీలమో, ఇంట్లో తీగ మీద చేతికి ఏది అందితే అది. అనువాదం అక్కడి దాకా వచ్చేవరకు దాన్ని తీయరు. కథ ఏ గంగలో కలుస్తుందో తెలియకుండానే ఏడాది పొడుగునా దాన్ని తెలుగులో రాస్తూ కూర్చుంటారు. నాకు ఒళ్లు మండేది.

"ముగింపు చూడకుండా అనువాదం ఎవరన్నా చేస్తారా సార్?" అని అడిగాను.

"ముప్పై ఏండ్లు ఏ బండి ఎప్పుడొస్తదో ముందుగాల తెలుసుకునుడే నా నౌకరి. ఇగనన్న తెల్వకుంట కూసోనియ్యి బిడ్డా," అన్నారు. "నాకు కొస తెలిస్తే నా కలానికి తెలుస్తది. కలానికి తెలిస్తే సదివేటోళ్లకు ముందుగాల్నే వాసనొస్తది," అని చేర్చారు.

ఈ పద్ధతి వల్ల తిప్పలు లేకపోలేదు. ఒక నవలలో మూడు వందల పేజీల పొడుగునా ఒక పెద్దాయన్ని "ఆయన, ఆయన" అని గౌరవంగా రాసుకుంటూ వచ్చారు. క్లిప్పు తీశాక ఆ పెద్దాయన ఒక కుక్క అని తేలింది. మొత్తం సరిచేయడానికి నాకు మూడు రోజులు పట్టింది. సార్ మాత్రం స్టూలు మీద కూర్చుని, "నన్ను మస్తు మోసం జేసిండు," అని ఆ రచయితను మెచ్చుకుంటూనే ఉన్నారు.

నేను కూడా ఒకసారి తప్పు చేశాను. ఒక ముసలామె కథ అది, తన జ్ఞాపకాలను ఒక యంత్రానికి ఒక్కొక్కటిగా ఇచ్చేస్తూ ఉంటుంది. పేర్లు సరిచూసుకొమ్మని సార్ పుస్తకం నా దగ్గర పెట్టి చాయ్‌కి పోయారు. నేను క్లిప్పు తీశాను, చివరి రెండు పేజీలు గబగబా చదివాను, మళ్లీ పెట్టేశాను. క్లిప్పు కూడా ఉన్నచోటే, అదే వంకరతో పెట్టాను. మరుసటి గురువారం సార్ వచ్చారు, నోటుబుక్కు ఇచ్చారు, నేను కొడుతున్నాను. పది నిమిషాలు నన్నే చూశారు.

"కొస సదివినవ్," అన్నారు.

"లేదు సార్."

"పోయిన వారం దాక, ఆ ముసలామె బతుకుతదా సార్, బతుకుతదా సార్ అని నా పానం దీసినవ్. ఇయ్యాల ఒక్కసారి అడుగలే. ఫికర్ లేనట్టు కొట్టుకుంట కూసున్నవ్."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన కోప్పడలేదు. లేచి నా కుర్చీని గోడవైపు తిప్పారు. "చెప్పకు. మొఖం గూడ ఇటు పెట్టకు. నీ మొఖం జూస్తే నాకు తెలిసిపోతది," అన్నారు. ఆ పుస్తకం అయ్యేదాకా, రెండు నెలలు, ఆయన షాపులో ఉన్నంతసేపు నేను గోడను చూస్తూ టైపు చేశాను. వచ్చిన గిరాకీలు ఏమనుకున్నారో ఏమో.

దీపస్తంభం అట్ట పుస్తకం ఆయన ఆఖరిది. బస్టాండు దగ్గర సెకండ్‌హ్యాండ్ పుస్తకాల బండి మీద దొరికింది. అమ్మేవాడు, "పేజీలు చూసుకోండ్రి సార్," అన్నా వినకుండా, జేబులోంచి నీలం క్లిప్పు తీసి అక్కడికక్కడే చివర బిగించేశారట.

ఆ కథ ఇది. ఎక్కడో జనం లేని గ్రహం మీద ఒక ఆడమనిషి ఒంటరిగా ఉంటుంది. దారిన పోయే ఓడలు రాళ్లకు తగలకుండా దీపం వెలిగించి ఉంచడం, ఏ ఓడ ఎప్పుడు దాటిందో పుస్తకంలో రాయడం ఆమె పని. ఆమె డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. ఆమెను దింపి ఆ పని అందుకోవాల్సిన మనిషి రాలేదు. ఆ మనిషి వచ్చేదాకా ఆమె కదలడానికి లేదు. "ఇది మా డిపార్ట్‌మెంట్ కథ బిడ్డా," అన్నారు సార్. స్టేషన్లో కూడా అంతేనట. టైము అయిపోయినా సరే, రిలీవర్ వచ్చి కుర్చీలో కూర్చుంటేనే ఉన్నవాడు లేవాలి.

ఏడాది పైనే పట్టింది. రోజూ రాసింది సాయంత్రం ఇంట్లో అమ్మకు, అంటే ఆయన భార్యకు, చదివి వినిపించేవారు. ఆమె కూర ఏరుకుంటూ వినేది. నేను ప్రూఫులు ఇవ్వడానికి కాజీపేట పోయినప్పుడల్లా ఆమెకు ఒకటే కంప్లయింటు. "తీగ మీద క్లిప్పులు ఉంచడు. అంగీలు ఎగిరి పక్కింటోళ్ల దొడ్లె పడ్తానయ్. ఏమన్నంటే కథకు గావాలె అంటడు." అంటూనే, "అయితే ఆ పిల్లను దింపెతందుకు ఎవలన్న వస్తరా మరి?" అని నన్ను అడిగేది. నాకెట్లా తెలుస్తుంది, ఒకసారి గోడవైపు కూర్చున్నాక మళ్లీ ఏ క్లిప్పూ ముట్టలేదు.

చివరి అధ్యాయానికి ముందు పేజీలో ఆకాశంలో ఒక చుక్క కనిపిస్తుంది. ఓడ. ఇటే వస్తోంది. క్లిప్పు అక్కడే ఉంది. ఆ గురువారం సార్ షాపులోకి వచ్చి నోటుబుక్కు తీయలేదు. పుస్తకం నా ముందు తెరిచిపెట్టి, "జర నువ్వు చూడు. నా కండ్లే సరిగ లేవా," అన్నారు.

క్లిప్పు కింద ఉన్నవన్నీ ఆ పుస్తకం అచ్చువేసిన కంపెనీ వాళ్ల వేరే పుస్తకాల ప్రకటనలు. వరసగా పన్నెండు ఆకులు. ఆఖరి అధ్యాయాన్ని ఎవరో ఎప్పుడో కుట్టు దగ్గర నుంచి శుభ్రంగా చింపేశారు. ప్రకటనల మందం చూసి సార్ అదే కథ అనుకున్నారు. కొనేటప్పుడు ఒక్కసారి వెనక నుంచి తిరగేసి ఉంటే తెలిసేది. ఆ మాట నేను అనలేదు. ఆయన మొహం చూస్తే అనబుద్ధి కాలేదు.

ఇంటర్నెట్‌లో వెతికాను. అట్ట బొమ్మ ఒకటి దొరికింది, పుస్తకం దొరకలేదు. హైదరాబాద్ ఆదివారం అంగట్లో తెలిసినవాళ్లకు చెప్పి పెట్టాం. నెలలు గడిచాయి. అచ్చువేస్తానన్న ఆయన నా షాపులోనే కూర్చుని, "చివర రెండు పేజీలు మీరే రాసెయ్యండ్రి సార్. రచయిత పోయి ఎన్నేండ్లాయెనో. ఎవలు అడుగుతరు?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు కూడా అదే సబబనిపించింది.

సార్ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచారు. "రాని బండిని వచ్చిందని రిజిస్టర్ల రాస్తే ఏమైతదో ఎరుకేనా మీకు?"

అంతే, ఆ పుస్తకం ఆగిపోయింది. ఒక చుక్క దగ్గర, నా కంప్యూటర్లో. సార్ ఇంకో పుస్తకం ముట్టుకోలేదు. అది ముగించకుండా వేరేది ఎత్తుకోవడం డ్యూటీ వదిలి పోవడమే అన్నారు. ఆఖరిసారి ఇంటికి చూడ్డానికి పోయినప్పుడు మంచం మీద నుంచే, "దొరికిందా?" అన్నారు. "లేదు సార్," అన్నాను. "ఫైలు తీసెయ్యకు," అన్నారు. ఆ తర్వాత పది రోజులకు పోయారు. ఆ ఫైలు నేను మూడు పెన్‌డ్రైవుల్లో దాచాను.

ఇప్పుడు ఆ పుస్తకం ఇంకో కాపీ నా చేతిలో ఉంది. వరండాలోనే, కళ్లు సగం మూసుకుని, అంచులు తడిమి మాత్రం చూశాను. ఆఖరి అధ్యాయం ఉంది. చదవకుండా ఉండటానికి నేను పడ్డ బాధ నాకే తెలుసు. బిల్లు సంగతి మర్చిపోయి లైబ్రరీ వాళ్లను అడిగి పుస్తకం తీసుకుని తిన్నగా కాజీపేట పోయాను.

"అమ్మా, దీపం పుస్తకం దొరికింది. చివరిదాకా ఉంది," అన్నాను.

ఆమె కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "ఉండకేంది? కొస గూడ నాకు సదివిండు గదా."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. కంటి ఆపరేషన్ అయి, కట్టుతో దవాఖానలో పడుకుని ఉన్నప్పుడు, ఓడ వస్తాందన్నవు, ఏమాయె, ఏమాయె అని ఆయన్ని సతాయించిందట. ఆయన స్టూలు మీద కూర్చుని పుస్తకం తీసి ఆఖరుదాకా చదివారట. "ఓడ ఆగుతది. అండ్లకెళ్లి ఒక పిల్ల దిగుతది. అక్కా, నీ డ్యూటీ అయిపోయింది, నువ్వు ఇంటికి పో అంటది. ఈమె దీపం ఆ పిల్లకు అప్పజెప్పి ఓడ ఎక్కుతది. మంచిగ ఉండె కథ."

నేను లెక్క వేసుకున్నాను. ఆమె కంటి ఆపరేషన్, సార్ పుస్తకం నా ముందు తెరిచిపెట్టిన వారంలోనే. ఆయన చేతిలో ఉన్నవి ప్రకటనలు. అచ్చులో ఒక్క మాట కల్పించనని పుస్తకాన్నే ఆపుకున్న మనిషి, కళ్లకు కట్టు ఉన్న భార్య ముందు లేని పేజీలు చదివారు. నాకు నవ్వొచ్చింది.

నిజం చెప్పే ధైర్యం లేక, "టైపు చేయడానికి చివరి పేజీలు కావాలమ్మా, మళ్లీ ఒకసారి తెలుగు చేయాలి," అన్నాను. నా ఇంగ్లీషు డిగ్రీ దాకా. అయినా పదకొండేళ్లు ఆయన వాక్యాలు కొట్టిన చేతులు నావి. ఆమె, "అయితే నా ముందట్నే సదువు. ఆయన లెక్క, జరంత జరంత," అంది. లోపలికి పోయి పాత పుస్తకం తెచ్చింది. నీలం క్లిప్పు ఇంకా దానికే ఉంది. తీసి కొత్త పుస్తకం కొసకు పెట్టింది.

అయిదు గురువారాలు పోయాను. ప్రతిసారీ రెండు పేజీలు. పోయేటప్పుడల్లా ఒకటే గుబులు. పుస్తకంలో ఓడ ఆగకపోతే? ఆమె దగ్గర సార్ అబద్ధం నా నోటితో బయటపడుతుంది. ఆగిందని నేనే చెప్పేయొచ్చు, ఆమెకు ఇంగ్లీషు రాదు. అప్పుడు అచ్చులో ఏం వేయాలి? ఆ పెద్దమనిషి రెండు రకాలుగా బతికి నన్ను ఇరికించి పోయాడని తిట్టుకున్నాను కూడా.

అయిదో గురువారం క్లిప్పు తీశాం. పెరట్లో ఎండ పడుతోంది. ఆమె ముందర చేటలో పాలకూర. నేను ఒక్కొక్క వాక్యం లోపల చదువుకుంటూ తెలుగులో పైకి చెబుతున్నాను. ఓడ దగ్గరకొచ్చింది. కిటికీల్లో వెలుతురు కనిపించింది. దీపం చూసే ఆమె తన పెట్టె సర్దుకుని గడపలో పెట్టుకుంది. తర్వాతి వాక్యం చదివాక నా నోరు ఆగిపోయింది.

"ఎందుకు ఆగినవ్?" అంది అమ్మ.

ఆ క్షణాన అబద్ధం నా నాలుక చివరే ఉంది. అప్పుడు సార్ రిజిస్టరు మాట గుర్తొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఓడ వేగం తగ్గించలేదు. దాటిపోయింది. అది కనుమరుగయ్యేదాకా ఆమె చూసింది. తర్వాత లోపలికి వచ్చి, పుస్తకంలో ఓడ దాటిన టైము రాసి, దీపం గాజు తుడిచింది. కథ అయిపోయింది.

అమ్మ చేతులు పాలకూర మీదే ఆగి ఉన్నాయి. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

"నాకెరుకే," అంది. "పుస్తకం సదివేటప్పుడు ఆయన మధ్యమధ్య ఆగుతడు, ఎనుకకు పోతడు. ఆ దినం ఒక్కకాడ ఆగలే. పేజీలు తిప్పిన సప్పుడు మాత్రం మంచిగ జేసిండు." కొంచెం నవ్వింది. "అయినా రిలీవర్ టైముకు వచ్చిండంటే నేనెట్ల నమ్ముత? మా బిడ్డ పుట్టిన్నాడు నేను ఈడ దవాఖానల, ఆయన డోర్నకల్ల. రిలీవర్ రాలే. తెల్లారి మాపటీలికి వచ్చిండు. అప్పుడు ఆయనను ఒక్క మాట గూడ అనలే నేను. ఆయనే మర్చిపోలే."

"అచ్చులో ఏం వేయమంటారమ్మా?" అని అడిగాను.

"అదేం మాట? పుస్తకంల ఉన్నదే వెయ్యి. మారిస్తే ఆయన ఊకుంటడా?" అంది. "నాకు సదివింది నాకాడ ఉంటది."

పుస్తకం మూసి నాకిచ్చింది. నీలం క్లిప్పు తీసుకుని లేచింది. తీగ మీద ఆయన పాత అంగీ ఒకటి ఆరేసి ఉంది, ఇల్లు తుడవడానికి పెట్టుకున్నదట, గాలికి ఒక పక్కకు జారుతోంది. దాన్ని సరిచేసి, భుజం దగ్గర క్లిప్పు బిగించి, మళ్లీ వచ్చి పాలకూర ముందర కూర్చుంది.